ఒక యూరియా బస్తాకు ఎంత ఎండ కావాలి?

యూరియా బస్తా 45 కిలోలు. అది తయారు కావడానికి ఎంత హైడ్రోజన్ కావాలో ఇంటర్ కెమిస్ట్రీ గుర్తున్నవాళ్లు ఎవరైనా లెక్క కట్టొచ్చు. 60 గ్రాముల యూరియాకు 34 గ్రాముల అమ్మోనియా కావాలి. ఆ అమ్మోనియాకు 6 గ్రాముల హైడ్రోజన్ కావాలి. అంటే యూరియా బరువులో పదో వంతు. ఒక బస్తాకు నాలుగున్నర కిలోలు.

నైట్రోజన్ గాలిలో కావలసినంత ఉంది. కష్టమంతా హైడ్రోజన్‌తోనే. మన ఎరువుల ఫ్యాక్టరీలు దాన్ని ఎక్కువగా సహజవాయువు నుంచి తీస్తాయి. ఆ గ్యాస్‌లో పెద్ద భాగం ఓడల మీద బయటి దేశాల నుంచి వస్తుంది. పైగా ఈ పద్ధతిలో ఒక కిలో హైడ్రోజన్ తీస్తే 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ కూడా పుడుతుంది. యూరియా తయారీలో కార్బన్ డయాక్సైడ్ కూడా ఒక ముడిసరుకే కాబట్టి అందులో కొంత అక్కడే వాడుకుంటారు. ఆ కథ వేరు. ఇక్కడ హైడ్రోజన్ వరకే చూద్దాం.

అదే హైడ్రోజన్‌ను నీళ్లలోంచి తీస్తే? గ్యాస్ లేకుండా, కరెంటు కూడా లేకుండా, నీళ్లలో ఒక పౌడర్ కలిపి ఎండలో పెడితే? వినడానికి వాట్సాప్ ఫార్వర్డ్ లాగా ఉంటుంది. కానీ ఇది 50 ఏళ్లకు పైగా నడుస్తున్న సీరియస్ సైన్స్. ఆ పౌడర్‌ను ఫోటోక్యాటలిస్ట్ అంటారు. ఈ పని చేస్తున్న ల్యాబ్ ఒకటి మన కడపలోనే ఉంది.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. కెమిస్ట్రీతో నా సంబంధం బీటెక్ ఫస్ట్ ఇయర్‌తోనే తెగిపోయింది. మళ్లీ దాని జోలికి వెళ్లడానికి కారణం ఖాజీపేట నుంచి వచ్చిన ఒక ఫోన్.

చిన్నాయన అడిగిన ప్రశ్న

మా చిన్నాయనకు ఖాజీపేట దగ్గర కె.సి. కాలువ కింద రెండెకరాల వరి, ఎకరా పసుపు. ఆయన కూతురు, అంటే నా చెల్లెలు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసింది. జేఆర్‌ఎఫ్ కూడా కొట్టింది. వెలుతురుతో నీళ్లలోంచి హైడ్రోజన్ తీసే నానో పదార్థాల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. అదే సమయంలో హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. జవాబు చెప్పడానికి నెల రోజులే గడువు.

"అబ్బీ, పాప ఏందో నీళ్లలోంచి గ్యాస్ తీస్తా అంటాంది. ఐదేండ్లు దానికే పోతాదంట. కంపెనీ వాళ్లేమో ఉద్యోగం ఇస్తాం రమ్మంటాండారు. సదువుకున్నోడివి నువ్వే చెప్పు. ఇది జరిగే పనేనా, కాదా?"

ఆయన అడిగింది అవునా కాదా అని. అంత చిన్న జవాబు చెప్పాలంటేనే చాలా చదవాల్సి వచ్చింది. నెల రోజులు రాత్రిపూట ఆఫీసు పని అయ్యాక రీసెర్చ్ పేపర్లు తెరిచేవాణ్ని. అర్థం కాని చోట చెల్లెలికే ఫోన్ చేసేవాణ్ని. అలా నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

నీళ్లంటే కాలిపోయిన హైడ్రోజన్

ముందు ఒక అపోహ పక్కన పెడదాం. "నీళ్లతో నడిచే బండి" వీడియోలు మీరూ చూసే ఉంటారు. బైక్‌కు బిగించే కిట్లు కూడా అమ్ముతున్నారు. మా ఊరి కుర్రాడొకడు అలాంటి కిట్ కొని బిగించుకున్నాడు. మైలేజీ మారలేదు, బ్యాటరీ మాత్రం మార్చాల్సి వచ్చింది.

కారణం చిన్నదే. హైడ్రోజన్ కాలితే నీళ్లు వస్తాయి. అంటే నీళ్లు ఇంధనం కాదు, ఇంధనం కాలిపోయాక మిగిలిన బూడిద లాంటివి. బూడిదను మళ్లీ కట్టెగా మార్చాలంటే, కట్టె కాలినప్పుడు వచ్చిన శక్తి అంతా తిరిగి పెట్టాలి. కిలో హైడ్రోజన్‌లో దాదాపు 33 యూనిట్ల శక్తి ఉంటుంది. మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే. నీళ్లలోంచి ఆ కిలో తీయాలంటే కనీసం అంత శక్తి ఎక్కడి నుంచో తేవాలి. బండి బ్యాటరీ నుంచి తెస్తే అది చివరికి పెట్రోల్ నుంచి తెచ్చినట్టే. ఎండ నుంచి తెస్తే మాత్రం లెక్క మారుతుంది. ఫోటోక్యాటలిస్ట్ పని అదే. అది శక్తిని పుట్టించదు, ఎండలో ఉన్న శక్తిని నీళ్లకు అందిస్తుంది.

పసుపు మరక, తెల్ల పెయింటు

వెలుతురు కెమిస్ట్రీ చేస్తుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. తెల్ల చొక్కా మీద పసుపు మరక పడితే ఎంత ఉతికినా పోదు. ఉతికి ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. పసుపుకు ఆ రంగునిచ్చే కర్క్యుమిన్ వెలుతురును పీల్చుకుని విరిగిపోతుంది.

పసుపు విరిగినంత సులువుగా నీళ్లు విరగవు. పైగా నీళ్లు పారదర్శకం, కంటికి కనిపించే వెలుతురును దాదాపుగా పీల్చుకోవు. అందుకే మధ్యలో వెలుతురును పీల్చుకుని ఆ శక్తిని నీళ్లకు ఇచ్చే పదార్థం ఒకటి కావాలి. అది తాను మాత్రం విరగకూడదు.

అలాంటిది మొదట దొరికింది జపాన్‌లో. అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా 1972లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. టైటానియం డయాక్సైడ్‌ను నీళ్లలో ముంచి వెలుతురు వేస్తే అక్కడ ఆక్సిజన్, దానికి వైరుతో కలిపిన ప్లాటినం దగ్గర హైడ్రోజన్ వచ్చాయి. ఆ మరుసటి ఏడాదే ప్రపంచమంతా చమురు సంక్షోభం. దాంతో అందరి చూపూ దీని మీద పడింది.

టైటానియం డయాక్సైడ్ అంటే అపురూపమైనదేమీ కాదు. గోడకు వేసే తెల్ల పెయింటులో, సన్‌స్క్రీన్‌లో ఉండేది అదే. చవక, విషం కాదు, నీళ్లలో ఏళ్లు ఉన్నా కరగదు. కానీ అది తెల్లగా ఉండడమే పెద్ద సమస్య. తెల్లగా కనబడుతోందంటే కంటికి కనిపించే వెలుతురునంతా వెనక్కి పంపేస్తోందని అర్థం. అది పీల్చుకునేది అతినీలలోహిత కిరణాలనే. ఎండలో వాటి వాటా 5 శాతం లోపే.

అందుకే పరిశోధకులు రంగున్న పదార్థాలు వెతుకుతున్నారు. అందులో ఒకటి నాకు భలే నచ్చింది. దాని పేరు గ్రాఫైటిక్ కార్బన్ నైట్రైడ్. 2009లో దాని సాయంతో వెలుతురులో హైడ్రోజన్ తీయవచ్చని చూపించారు. లేత పసుపు రంగు పౌడర్. దాన్ని తయారు చేసే పద్ధతుల్లో ఒకటి ఏమిటో తెలుసా? యూరియాను మూత పెట్టిన పాత్రలో 550 డిగ్రీల దాకా వేడి చేయడమే. ఏ యూరియా కోసం హైడ్రోజన్ కావాలో, ఆ యూరియాతోనే హైడ్రోజన్ తీసే పౌడర్! చిన్నాయనకు చెబితే, "ఉన్న బస్తాలు గూడా కాల్చేస్తారేందిరా" అని నవ్వాడు.

చివరి ఆయకట్టు సమస్య

పౌడర్ రేణువు మీద వెలుతురు పడగానే లోపల ఒక ఎలక్ట్రాన్ కింది మెట్టు నుంచి పై మెట్టుకు ఎగురుతుంది. అది లేచిన చోట ఒక ఖాళీ మిగులుతుంది. ఎలక్ట్రాన్ రేణువు ఉపరితలానికి చేరితే నీళ్లలోంచి హైడ్రోజన్ తీస్తుంది. ఖాళీ చేరితే ఆక్సిజన్ తీస్తుంది. ఇద్దరూ చేరితేనే పని పూర్తవుతుంది.

కానీ చాలా ఎలక్ట్రాన్లు చేరవు. దారిలోనే ఖాళీని కలిసి మళ్లీ కింది మెట్టు మీద పడిపోతాయి. సెకనులో వంద కోట్లో వంతు కాలం చాలు వాటికి. పీల్చుకున్న వెలుతురంతా వేడిగా వృథా అవుతుంది.

కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది కొత్త సమస్య కాదు. పైన ఎంత నీళ్లు వదిలినా చివరి ఆయకట్టుకు చేరేసరికి ఇంకిపోతాయి. పరిష్కారం ఏమిటి? పొలాన్ని కాలువకు దగ్గరగా తేగలిగితే చాలు. నానో అంటే ఇదే. రేణువును 20 నానోమీటర్లకు తగ్గిస్తే, లోపల ఎక్కడ ఎలక్ట్రాన్ పుట్టినా ఉపరితలం పక్కనే ఉంటుంది. ఒక వెంట్రుక మందంలో ఇలాంటి రేణువులు కొన్ని వేలు పక్కపక్కన పడతాయి. ఇంకో లాభం కూడా ఉంది. ఈ సైజులో ఒక్క గ్రాము టైటానియం డయాక్సైడ్ పౌడర్ ఉపరితలమంతా కలిపితే దాదాపు 50 చదరపు మీటర్లు. మన లెక్కలో సెంటుంబావు స్థలం, చిటికెడు పౌడర్‌లో!

రెండో ఉపాయం తూము పెట్టడం. రేణువు మీద అక్కడక్కడ ఇంకో పదార్థం చుక్కలు పెడితే ఎలక్ట్రాన్లు అటు లాగబడి అక్కడ హైడ్రోజన్ తీస్తాయి. ఖాళీలు ఇవతలే ఉండిపోతాయి కాబట్టి మధ్యదారిలో కలవడం తగ్గుతుంది. దీనికి బాగా పనిచేసేది ప్లాటినం. కానీ ప్లాటినం ధరతో రైతు బస్తా తయారవుతుందా?

కడప ల్యాబ్ కథ ఇక్కడే వస్తుంది. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడింది. అందులో మెటీరియల్స్ సైన్స్ అండ్ నానోటెక్నాలజీ విభాగం ఉంది. అక్కడ ఆచార్య ఎం.వి. శంకర్ బృందం నడిపే ల్యాబ్ పేరు నానోక్యాటలిసిస్ అండ్ సోలార్ ఫ్యూయల్స్ రీసెర్చ్ ల్యాబొరేటరీ. ప్లాటినం బదులు కాపర్ ఆక్సైడ్, నికెల్ లాంటి చవక తూములు పెట్టడం ఈ బృందం ఏళ్లుగా చేస్తున్న పని. హైదరాబాద్ ఐఐసీటీ శాస్త్రవేత్తలతో కలిసి 2013లో 'కెమికల్ కమ్యూనికేషన్స్' పత్రికలో ప్రచురించిన పేపర్ అలాంటిదే. టైటానియం డయాక్సైడ్ మీద అతి చిన్న కాపర్ ఆక్సైడ్ చుక్కలు పెట్టి, గ్లిజరాల్ కలిపిన నీళ్లలో వేసి ఎండలో పెడితే హైడ్రోజన్ జోరుగా వచ్చింది. చుక్క సైజు ఎంత చిన్నదైతే ఏం మారుతుందన్నదే ఆ పేపర్ విషయం. బంగారం చేసే విద్య కోసం వేమన తిరిగాడని జనం చెప్పుకునే కథ ఉంది కదా. ఆయన పేరున్న చోట రాగితో ప్లాటినం పని చేయించాలని చూస్తున్నారు. నాకు ఇది చదివినప్పుడు ముచ్చటేసింది.

ఈ పౌడర్లను గొట్టాల్లా కూడా మలుస్తారు. టైటానియం డయాక్సైడ్‌ను గాఢమైన కాస్టిక్ సోడా ద్రావణంలో వేసి, గట్టిగా మూసిన స్టీలు పాత్రలో గంటల తరబడి వేడి చేస్తే నానో గొట్టాలు తయారవుతాయి. 1998లో జపాన్ పరిశోధకులు ప్రచురించిన పద్ధతి ఇది. "ప్రెషర్ కుక్కర్ అనుకో అన్నా, విజిల్ మాత్రం రాకూడదు" అంది చెల్లెలు.

అడగాల్సిన మూడు ప్రశ్నలు

మా ఫీల్డ్‌లో ఎవరైనా "మా సిస్టమ్ సెకనుకు లక్ష రిక్వెస్టులు తీసుకుంటుంది" అంటే వెంటనే అడుగుతాం. ఏ మెషిన్ మీద? ఎలాంటి రిక్వెస్టులు? ఎంతసేపు? ల్యాప్‌టాప్‌లో వచ్చిన నంబర్ ప్రొడక్షన్‌లో రాదని అందరికీ అనుభవమే. హైడ్రోజన్ వార్తలను కూడా అలాగే చదవాలని చెల్లెలు చెప్పింది. మూడు ప్రశ్నలు కూడా నేర్పింది.

మొదటిది, ఖాళీలను ఎవరు నింపుతున్నారు? నీళ్లలోంచి ఆక్సిజన్ తీయడం కష్టమైన సగం. గ్లిజరాల్ లాంటిది కలిపితే ఖాళీలు దాన్ని తినేస్తాయి, పని సులువవుతుంది, హైడ్రోజన్ పెరుగుతుంది. ఇది మోసం కాదు, పేపర్‌లో స్పష్టంగా రాస్తారు. బయోడీజిల్ తయారీలో గ్లిజరాల్ ఎలాగూ మిగులుతుంది కాబట్టి దానికి దాని ఉపయోగం ఉంది. కానీ గ్లిజరాల్ అయిపోతే పని ఆగుతుంది. ఉత్త నీళ్లతో వచ్చే నంబర్, గ్లిజరాల్‌తో వచ్చే నంబర్ రెండూ వేరు. వాటిని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

రెండోది, దేనికి ఎంత? పేపర్లలో ఎక్కువగా గ్రాము పౌడర్‌కు గంటకు ఇంత అని రాస్తారు. ప్రయోగంలో వాడేది మాత్రం కొన్ని మిల్లీగ్రాములే. అక్కడ వచ్చినదాన్ని గ్రాముకు హెచ్చవేస్తారు. నిజంగా అంత పౌడర్ వేస్తే అంత హైడ్రోజన్ రాదు. పసుపు కొమ్ములు ఉడకబెట్టి కళ్లంలో పరుస్తారు కదా. కుప్పగా పోస్తే పైవి ఎండుతాయి, కిందివి బూజు పడతాయి. పౌడర్ కూడా అంతే, ముందున్న రేణువులు వెనకవాటికి నీడ పడతాయి. ఎండ పడేది స్థలం మీద. కాబట్టి అడగాల్సింది చదరపు మీటరుకు ఎంత, పడిన ఎండలో ఎన్నో శాతం హైడ్రోజన్‌గా మారింది అని.

మూడోది, ఎన్ని గంటలు? ఇంటి మీద సోలార్ ప్యానెల్‌కు 25 ఏళ్ల వారంటీ ఇస్తున్నారు. పౌడర్లలో చాలావాటిని గంటల్లో, రోజుల్లో పరీక్షిస్తారు. కాడ్మియం సల్ఫైడ్ అనే పసుప్పచ్చటి పదార్థం వెలుతురును బాగా పీల్చుకుంటుంది, కానీ ఆ వెలుతురులోనే తానూ చివికిపోతుంది. చొక్కా మీద పసుపు మరక గతే దానికీ పడుతుంది.

రెండున్నర సెంట్ల లెక్క

ఇక బస్తా లెక్క వేద్దాం. నాలుగున్నర కిలోల హైడ్రోజన్ అంటే దాదాపు 150 యూనిట్ల శక్తి.

ఉత్త నీళ్లతో, ఆరుబయట, పెద్ద ఎత్తున చేసిన ప్రయోగాల్లో అందరూ చెప్పేది జపాన్ శాస్త్రవేత్త కజునారి డొమెన్ బృందానిది. 2021లో 'నేచర్'లో వచ్చింది. పౌడర్ పూసిన పలుచటి ప్యానెళ్లను 100 చదరపు మీటర్ల మేర పరిచి నెలల తరబడి నడిపారు. బయటికి వచ్చిన హైడ్రోజన్, ఆక్సిజన్ మిశ్రమం నుంచి హైడ్రోజన్‌ను ఒక పొరతో వేరు చేశారు. ఎండలోని శక్తిలో హైడ్రోజన్‌గా మారింది గరిష్ఠంగా 0.76 శాతం.

100 చదరపు మీటర్లంటే రెండున్నర సెంట్లు, చిన్న ఇంటి స్థలం. మన దగ్గర చదరపు మీటరు మీద రోజుకు సుమారు 5 యూనిట్ల ఎండ పడుతుందనుకుందాం. మొత్తం 500 యూనిట్లు. అందులో 0.76 శాతం అంటే 3.8 యూనిట్లు. 150 యూనిట్లు కావాలంటే? దాదాపు 40 రోజులు. అదీ ప్రతిరోజూ గరిష్ఠ స్థాయిలో పనిచేస్తేనే. ఒక్క బస్తాకు!

అదే రెండున్నర సెంట్లలో మామూలు సోలార్ ప్యానెళ్లు పెడితే 20 శాతం లెక్కన రోజుకు 100 యూనిట్ల కరెంటు. నీళ్లను కరెంటుతో విడగొట్టే ఎలక్ట్రోలైజర్‌కు కిలో హైడ్రోజన్‌కు 50 నుంచి 55 యూనిట్లు కావాలి. రోజుకు దాదాపు 2 కిలోలు. బస్తాకు రెండున్నర రోజులు.

40 రోజులు ఒకవైపు, రెండున్నర రోజులు ఒకవైపు. జమ్మలమడుగు వైపు మైలవరం మండలంలో సోలార్ పార్కు కళ్ల ముందే ఉంది. ఈ లెక్క చూశాక చిన్నాయనకు "వద్దు" అని చెప్పేయడం చాలా సులువు.

మరి ఎందుకు చేయాలి?

ఆ మాట చెప్పే ముందు చెల్లెలికి నా ఎక్సెల్ షీట్ పంపాను. పది నిమిషాల్లో ఫోన్ చేసింది.

"అన్నా, లెక్క కరెక్టే. 0.76 అని నాకు తెలుసు. తెలిసే పోతాండా."

తర్వాత ఇంకో పేపర్ పంపింది. అదీ డొమెన్ బృందానిదే, 2020లో వచ్చింది. స్ట్రాన్షియం టైటనేట్ రేణువుల్లో ఒక్కో ముఖం మీద ఒక్కో తూము పెట్టారు. ఎలక్ట్రాన్లు ఒక ముఖం వైపు, ఖాళీలు ఇంకో ముఖం వైపు వెళ్లేలా. 350 నుంచి 360 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో 96 శాతం దాకా నీళ్లను విడగొట్టడానికే ఉపయోగపడింది. అంటే దారిలో ఇంకిపోవడం ప్రకృతి శాసనం కాదు, కాలువ సరిగ్గా కడితే చివరి ఆయకట్టుకూ నీళ్లు చేరతాయి. ఇక మిగిలిన పని కంటికి కనిపించే వెలుతురుతో కూడా అదే సాధించడం. అది చిన్న పని కాదు. కానీ దానికి అడ్డు ఎక్కడుందో తెలుసు.

2023లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం బృందం ఇండియం గాలియం నైట్రైడ్‌తో ఉత్త నీళ్ల నుంచి 9.2 శాతం చూపించింది. ల్యాబ్‌లో, వెలుతురును బాగా కేంద్రీకరించి, నీళ్లను 70 డిగ్రీల వేడిలో ఉంచి సాధించారు. ఆరుబయట ఎండలో 6.2 శాతం వచ్చింది. ఆ వేడి కోసం వేరే హీటర్ పెట్టలేదు, ఎండలోని పరారుణ కిరణాలనే వాడుకున్నారు. వేడి తక్కువైతే మన కడప మే నెలను అరువిస్తాం! పరికరం చిన్నది, పదార్థం ఖరీదైనది. అయినా నంబర్ చూడండి. 10 శాతం నిలకడగా వస్తే మన రెండున్నర సెంట్లలో బస్తాకు 3 రోజులు. సోలార్ ప్యానెల్, ఎలక్ట్రోలైజర్ జంటకు దగ్గరగా వచ్చేసినట్టే. అప్పుడు పోటీ ధర మీద ఉంటుంది. ప్యానెల్, వైరింగ్, ఎలక్ట్రోలైజర్ అన్నీ ఒకవైపు, పౌడర్ పూసిన అద్దం, నీళ్లు, గొట్టాలు ఇంకోవైపు. ఈ పందెం కోసమే ఇన్ని ల్యాబులు పనిచేస్తున్నాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు 19,744 కోట్ల రూపాయలు ఆమోదించింది. అందులో 17,490 కోట్లు ఎలక్ట్రోలైజర్ల తయారీకి, హైడ్రోజన్ ఉత్పత్తికి ఇచ్చే ప్రోత్సాహకాలు. పరిశోధనకు 400 కోట్లు. విశాఖ దగ్గర పుడిమడకలో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన హైడ్రోజన్ హబ్ కూడా ఎలక్ట్రోలైజర్ల దారే. పౌడర్ దారిలో ఇప్పుడే ఫ్యాక్టరీ ఉద్యోగాలు లేవు. ఇది దాచకుండా చెప్పాల్సిన మాట.

కానీ ఐదేళ్లలో చెల్లెలు నేర్చుకునేది ఒక్క పౌడర్ కాదు. నానో పదార్థాలు తయారు చేయడం, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలు చదవడం, గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌తో హైడ్రోజన్ కొలవడం, ఉపరితలం మీద ఎలక్ట్రాన్లు ఎలా కదులుతాయో అర్థం చేసుకోవడం. ఎలక్ట్రోలైజర్‌కూ ఇవే కావాలి. బ్యాటరీకీ, సోలార్ సెల్‌కూ ఇవే కావాలి. నేను కాలేజీలో నేర్చుకున్న ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ ఇప్పుడు ఆఫీసులో వాడటం లేదు. కోడ్ ఎందుకు ఆగిపోయిందో వెతికే పద్ధతి మాత్రం రోజూ వాడుతున్నాను. ఇదీ అంతే.

చిన్నాయనకు చెప్పిన జవాబు

గడువుకు వారం ముందు ఊరికి వెళ్లాను. చిన్నాయన చావిట్లో మంచం మీద కూర్చున్నాడు. పిన్నమ్మ టీ ఇచ్చి అక్కడే నిలబడింది. నేను ఫోన్‌లో లెక్క చూపించాను.

"చిన్నాయనా, మీ బస్తా ఈ పౌడర్‌తో రావాలంటే ఇంకా చానా ఏండ్లు పడతాది. వస్తాదని గ్యారంటీ కూడా ఎవరూ ఇవ్వరు. కానీ ఇది ఆ బైక్ కిట్ లాంటి పని కాదు. దీంట్లో ఎంత వస్తాందో, ఎంత పోతాందో కొలిచి రాస్తారు."

ఆయన అడిగిన మొదటి ప్రశ్న నేను ఊహించనిది. "మన సీమలో తాగేదానికే కరువు. నీళ్లు యాడనుంచి తెస్తారు?"

ఆ లెక్క కూడా వేశాం. కిలో హైడ్రోజన్‌కు 9 కిలోల నీళ్లు. బస్తాకు 40 లీటర్లు. అంటే మనం కొనుక్కునే 20 లీటర్ల క్యాన్లు రెండు. శుద్ధి చేయడంలో పోయేది అదనం. ఎకరా మడిలో ఒక్క అంగుళం నీళ్లు నిలబెడితే లక్ష లీటర్లు దాటుతుంది. రెండున్నర వేల బస్తాల హైడ్రోజన్‌కు సరిపోయే నీళ్లు అవి. చిన్నాయన రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాడు. "అంతేనా? రెండు క్యాన్లేనా?"

తర్వాత అసలు విషయాలు వచ్చాయి. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000. రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌కు పెరిగితే 42,000. కంపెనీ ఇస్తామన్న జీతం కన్నా ఇప్పటికి ఎక్కువే, కానీ కంపెనీలో ఐదేళ్లకు ప్రమోషన్లు ఉంటాయి, ఇక్కడ ఐదేళ్లకు ఫెలోషిప్ ఆగిపోతుంది. పిన్నమ్మ పెండ్లి మాట ఎత్తింది. "ఐదేండ్లంటే ఇరవై ఎనిమిది వస్తాయి కదా" అంది. నాకూ ఇరవై ఎనిమిదే, నన్నెవరూ ఆ లెక్క అడగలేదు. ఆ మాటే అన్నాను. పిన్నమ్మ ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

చెల్లెలు అప్పటిదాకా గడప దగ్గర నిలబడి వింటోంది. అప్పుడు తన మాట చెప్పింది. "నాయనా, నాకు ఐదేండ్లలో హైడ్రోజన్ కారు వస్తాదని నేను చెప్పడం లే. నా పౌడర్ ఎంత ఇస్తాదో నిజం కొలిచి, ఇంకొకరు చేసినా అంతే వచ్చేట్టు రాస్తా. అది సున్నా పాయింట్ ఒకటి అయినా సరే."

చిన్నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే పో. కానీ కరెక్టుగా కొలువు," అన్నాడు.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఇలాంటి దారి ఎంచుకుంటామని అడగవచ్చు. అది క్యాన్సర్ మందు కావచ్చు, బ్యాటరీ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. "ఇది జరిగే పనేనా" అని అడగడం తప్పు కాదు. దాంతోపాటు ఇప్పుడు ఎంత జరుగుతోంది, దేనితో కొలిచారు, అడ్డు ఎక్కడుంది అని కూడా అడగండి. ఆ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలిగినవాళ్లకు తాము ఎక్కడికి వెళ్తున్నారో తెలుసు.

కంపెనీకి "రాలేను" అని మెయిల్ పెట్టేసింది చెల్లెలు. ఎక్కడ చేరుతుందో ఇంకా తేలలేదు, ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి. ఈలోగా నాకొక పని అప్పజెప్పింది. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ నుంచి వచ్చే ఫైళ్లు చదివి, ప్రతి గంటకు ఎంత హైడ్రోజన్ వచ్చిందో లెక్కకట్టే చిన్న ప్రోగ్రామ్ రాయాలట. షరతు ఒకటే పెట్టింది. గ్రాముకు ఎంత అన్న కాలమ్ పక్కనే చదరపు మీటరుకు ఎంత అన్న కాలమ్ తప్పకుండా ఉండాలి. మొన్న శనివారం దాన్ని మొదలుపెట్టాను.